వల్లో పడ్డ రాళ్ళు

భావనపాడులో సముద్రమంటే కడుపు తిప్పే మనిషి ఒక్కడే పుట్టాడు. వాడు గంగులు. పడవెక్కి వాడు కక్కేదానికి ఆశపడి వంజరం చేపలు ఒడ్డుదాకా వెంటబడేవని, వల వెయ్యకుండానే సగం పడవ నిండేదని ఊళ్ళో ఒట్టేసి చెబుతారు. పిల్లనిచ్చిన మామ పోతురాజు మాత్రం ఈ మాటకి నవ్వేవాడు కాదు. ఉగాదిలోగా ఒడ్డున జీతమొచ్చే పని దొరికితే సరే, లేదంటే తన పడవలో తాడు పట్టాల్సిందేనని గడువు పెట్టాడు.

గంగులు డిప్లొమా రెండో ఏడు తప్పాడు. టెక్కలిలో ఫోన్లు బాగుచేస్తూ, తెర పగిలిన లాప్‌టాప్‌లో 'గో' ఆడే ప్రోగ్రాం రాశాడు. గో అంటే గళ్ళపలక మీద నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు పెట్టే ఆట. ఊపిరాడకుండా చుట్టేస్తే అవతలివాడి రాయి పలక దిగాలి. ఇద్దరూ వరసగా 'పాస్' అంటే ఆట ఆఖరు. పలక మీదున్న రాళ్ళూ, అవి చుట్టిన జాగా కలిపి ఎవరికి ఎక్కువుంటే వాళ్ళది గెలుపు. ఒకే రాయిని మార్చి మార్చి తీసుకుంటూ పలక మళ్ళీ పాత రూపుకి రాకూడదన్న రూలు ఉంది చూశారూ, మహామహుల్ని ఏడిపించే ఆ రూలుతో మనవాడు మూడు నెలలు కుస్తీపట్టి లొంగదీశాడు.

రాళ్ళ చావు సంగతి మాత్రం ఒక్క పూటలో తేల్చేశాడు. వల్లో పడ్డ చేప ఎంత ఎగిరినా పట్టిన చేపే, దాన్ని అక్కడికక్కడ ఎవడూ కొట్టి చంపడు. అలాగే తప్పించుకునే దారిలేని రాళ్ళని తనవిగా లెక్కేసుకుని, అవతలివాడు పాస్ అంటే తానూ పాస్ అనమని రాశాడు. ఈ తెలివినంతా తనలాగే గో ప్రోగ్రాం రాస్తూ విజయనగరం నుంచి చూడవచ్చిన ధనరాజుకి, చేపలపులుసు వడ్డిస్తూ, తానే విప్పి చెప్పాడు.

శ్రీకాకుళంలో ఒక కాలేజీ గో ప్రోగ్రాంలకి పోటీ పెట్టింది. గెలిచినవాడికి ల్యాబ్‌లో ఉద్యోగం. చివరికి మిగిలింది గంగులు, ధనరాజు. గంగులు నల్లరాళ్ళ మధ్య ధనరాజు తెల్లరాళ్ళు గుంపులుగుంపులుగా చిక్కుకున్నాయి. ఆట తెలియని పోతురాజు కూడా అల్లుడి భుజం తట్టాడు. అప్పుడు ధనరాజు ప్రోగ్రాం పాస్ అంది. గంగులు ప్రోగ్రాం మర్యాదగా తానూ పాస్ అంది. తెర మీద పడింది: తెలుపు గెలుపు.

"మేడమ్, ఆ తెల్లవి సచ్చిపోనాయి కదా," అన్నాడు గంగులు.

పోటీ నడిపే భారతి కాగితం తిప్పింది. "తీసేస్తేనే చచ్చినట్టు. యంత్రాలు వాదించుకోలేవు కాబట్టి పలక మీద మిగిలిన ప్రతి రాయీ బతికున్నట్టే లెక్క. రెండో పేజీలో ఉంది గంగులూ, కింద సంతకం నీదే."

"మావోళ్ళు నిక్షేపంలాగున్నారు బావా," అన్నాడు ధనరాజు. "పలకరించి సూడు."

హాలంతా నవ్వింది. పోతురాజు కూడా నవ్వాడు.

తిరిగొచ్చే బస్సులో గంగులు ప్రోగ్రాంలో నాలుగు వరసలు రాశాడు: పాస్ అనేముందు చిక్కిన ప్రతి రాయినీ తీసెయ్యాలి. అదే ఆట మళ్ళీ ఆడించాడు. నలుపు అరవై ఎనిమిది పాయింట్లతో గెలిచింది. పగిలిన తెర మామ ముందు పెట్టాడు.

"గెలిసినాం మావా."

"ఇప్పుడు గెలిస్తే ఉజ్జోగం ఇస్తారేటి?"

"ఇవ్వరు."

"అయితే దాన్ని మూసేయ్. టెక్కలి వచ్చింది, దిగు. తెల్లారితే ఉగాది, తాడు నువ్వే పట్టాల."

రాసింది చెరిగిపోకుండా భద్రం చేసుకుని, గంగులు దిగాడు.