బోరింగు నీళ్ళ వేడి కొలిపించిన మాస్టారు

మా సైన్సు మాస్టారు పోయారన్న కబురు మంగళవారం ఉదయం, బడిలో ప్రార్థన అయిన కాసేపటికి తెలిసింది. వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నగారు తెల్లవారాక పోయారక్కా. మీకు ముందు చెప్పమంది అమ్మ" అంది. "సరేనమ్మా" అన్నాను. గంట కొట్టారు. తొమ్మిదో తరగతికి వెళ్ళి, ఉష్ణం, ఉష్ణోగ్రత అని బోర్డు మీద రాసి, గైడులో ఉన్న నిర్వచనాలు చదివి పిల్లలతో రాయించాను. వాళ్ళు తల ఎత్తకుండా రాసుకున్నారు. ఆయనకి సుతరామూ గిట్టని పని ఒకటుందంటే అదే. ఆయన పోయిన పూట నేను చేసిందీ అదే.

సామర్లకోట దాటాక కాలవ పక్కన ఉన్న మా ఊరి హైస్కూల్లో ఆయన నాకు ఎనిమిది నుంచి పది దాకా పాఠాలు చెప్పారు. సన్నటి మనిషి. చొక్కా జేబులో కళ్ళజోడు, సుద్దముక్క కలిసే ఉండేవి, అందుకని అద్దాలు ఎప్పుడూ తెల్లగా మసకబారి ఉండేవి. కొత్త పాఠం ఏదైనా సరే, మొదలుపెట్టే ముందు అరఠావులు పంచేవారు. "పాఠం సంగతి తర్వాత. ముందు మీరేం అనుకుంటున్నారో రాయండి. పేర్లు వద్దు" అనేవారు. ఐదు నిమిషాలు. సాయంత్రం బడి వదిలాక వరండా మెట్ల మీద కూర్చుని ఆ కాగితాలన్నీ చదువుకునేవారు. మేము ఆడుకుంటూ తొంగిచూస్తే ఒక్కోసారి తనలో తను నవ్వుకుంటూ కనబడేవారు. ఎగతాళి నవ్వు కాదు. పసిపిల్లల ముద్దుమాటలు విన్నప్పుడు నవ్వుతామే, అలాంటిది.

"ఖాళీ గిన్నె అనుకుని పోసేస్తాం. అందులో నిన్నటి పులుసు ఉందేమో చూసుకోవద్దూ?" అని తోటి మాస్టర్లతో అనేవారు. వాళ్ళు టీ తాగుతూ తలలూపేవారు. అరఠావులు మాత్రం ఎవరూ పంచలేదు.

నేను ఎనిమిదిలో ఉండగా ఆయన అడిగిన ప్రశ్న ఇది. బోరింగు నీళ్ళు చలికాలంలో వేడిగా, ఎండాకాలంలో చల్లగా ఎందుకుంటాయి? మా అందరి దగ్గరా కారణాలు సిద్ధంగా ఉన్నాయి. చలికి భయపడి వేడి భూమిలోకి దిగిపోతుందని నేను రాశాను. చలికాలంలో సూర్యుడు భూమి కిందికి వెళ్తాడని ఇంకెవరో రాశారు. ఆయన అన్నీ పైకి చదివి, ఒక్కటి కూడా తప్పనలేదు. "అసలు నీళ్ళు వేడెక్కుతున్నాయో లేదో చూశారా ఎవరైనా?" అన్నారు. చూడటానికి ఏముంది, చెయ్యి పెడితే తెలియడంలేదా అనుకున్నాం.

ఆ పని నాకు అప్పజెప్పారు. ప్రతి సోమవారం బడి బోరింగు కొంతసేపు కొట్టి, పైపులో నిలిచిన నీళ్ళు పోయాక బకెట్టు నింపి, థర్మామీటరు ముంచి, బయటికి తియ్యకుండానే చూసి పుస్తకంలో రాయాలి. జూలైలో ఇరవై ఎనిమిది. ఆగస్టులో అంతే. అక్టోబరులో వానలు కురిసినా అంతే. డిసెంబరు వచ్చింది. పొద్దున్నే మంచు, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, బకెట్టు మీంచి ఆవిరి లేస్తోంది. చెయ్యి పెడితే హాయిగా, వెచ్చగా ఉంది. థర్మామీటరు చూస్తే ఇరవై ఎనిమిది.

థర్మామీటరు పాడైందని తేల్చేశాను. విదిలించాను, పావడాతో తుడిచాను, మళ్ళీ ముంచాను. మారలేదు. పాపం మాస్టారికి చెబితే బాధపడతారని, ముప్పై నాలుగు అని రాశాను. తర్వాతి వారం ముప్పై ఐదు. ఆ పై వారం, మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని, ముప్పై మూడు. అప్పటికే అంత తెలివి ఉంది నాకు.

జనవరిలో ఆయన పుస్తకం చూశారు. మర్నాడు చేపల బండి దగ్గర ఐసు, టీ కొట్టులో వేణ్ణీళ్ళు పట్టించుకొచ్చి మూడు బకెట్లు వరసగా పెట్టారు. ఐసు నీచు వాసన వేస్తోంది. నా ఎడమ చెయ్యి వేణ్ణీళ్ళలో, కుడి చెయ్యి ఐసు నీళ్ళలో పెట్టమన్నారు. కాసేపయ్యాక రెండూ తీసి బోరింగు నీళ్ళ బకెట్లో పెట్టమన్నారు. ఎడమ చేతికి చల్లగా, కుడి చేతికి వేడిగా తగిలింది.

"బకెట్టు ఒకటే కదమ్మా. ఏ చేతి మాట వినమంటావు?" అని అడిగారు.

నాకు ఏడుపొచ్చేసింది. "అబద్ధం రాశానండి" అన్నాను.

"అబద్ధమెందుకవుతుందమ్మా, నీ చెయ్యి చెప్పింది రాశావు. థర్మామీటరు చెప్పింది కూడా పక్కన రాసుంటే, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళం."

నిజం చెప్పాలంటే, ఇప్పటికీ డిసెంబరు పొద్దున్న ఆ నీళ్ళు నాకు వేడిగానే తగులుతాయి. నీళ్ళు మారలేదు, నా ఒళ్ళు చల్లబడింది అని ఒక్క క్షణం ఆగి చెప్పుకోవాలి. ఆ ఒక్క క్షణం ఆయన పెట్టిన భిక్ష. దానివల్లే నేనూ సైన్సు టీచర్నయ్యాను.

ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకెళ్ళిన రోజున ఆయన నన్ను ఒకే ఒక్కటి కోరారు. "పాఠం నీకు నచ్చినట్టు చెప్పుకో. ఆ ఐదు నిమిషాలు మాత్రం పిల్లల దగ్గర లాక్కోకు." అలాగేనండి అన్నాను. మొదట్లో మాట నిలబెట్టుకున్నాను. తర్వాత వేరే బడికి బదిలీ అయింది. స్లిప్ టెస్టులు, ఫోన్లో మార్కులు ఎక్కించడాలు, ఫలితాల మీద మీటింగులు. మా హెడ్మాస్టరు గారు ఒకసారి నా అరఠావులు చూసి, "తప్పులన్నీ పోగేసి ఏం చేసుకుంటారు మేడం? ఒప్పు చెప్పెయ్యండి, రాసేసుకుంటారు" అన్నారు. ఆయన చెడ్డమనిషి కారు. నేను తగ్గించాక మా బడి ఫలితాలు పెరిగాయి కూడా. వారానికోసారన్నది నెలకోసారైంది, ఆ తర్వాత ఎప్పుడు పూర్తిగా ఆగిపోయిందో గుర్తులేదు. ఆ గుర్తులేకపోవడమే నాకు ఎక్కువ సిగ్గు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు నాకు శాలువా కప్పారు.

కిందటి నెల కాకినాడ ఆసుపత్రిలో ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. మనిషి మంచానికి అతుక్కుపోయారు. మాస్టారి భార్య పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. నన్ను గుర్తుపట్టగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఇంకా అడుగుతున్నావా అమ్మా?"

"అడుగుతున్నానండి" అన్నాను.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. "ఈమధ్య ఏం రాశారు పిల్లలు? ఒకటి చెప్పు" అన్నారు.

నా దగ్గర ఏముంది చెప్పడానికి? నోటికొచ్చింది చెప్పేశాను. "చలికాలంలో సూర్యుడు భూమి కిందికి వెళ్తాడట మాస్టారూ, అందుకే బోరింగు నీళ్ళు వేడట."

నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "విన్నావా? వీళ్ళ క్లాసులో రాసిన మాటే" అని భార్యతో అన్నారు. నేనూ నవ్వాను. అప్పుడు ఆయన మొహంలో నవ్వు మెల్లగా పోయింది. పైకప్పు వైపు చూస్తూ, "ముప్పై ఏళ్ళయింది. ఇంకా అదే రాస్తున్నారంటే, మనం చెప్పింది ఏదీ దిగలేదన్నమాట" అన్నారు.

అది నేను కల్పించిన మాటండి, మీ వెనక ఎవరూ అడగలేదు, అడిగినట్టు నటించాను అని చెప్పాల్సింది. చెప్పలేదు. చెప్పినా అది ఇంతకంటే మంచి వార్తేమీ కాదు. బస్సు టైమైందని లేచి వచ్చేశాను.

మంగళవారం మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి వెళ్ళాను. మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుని, "నువ్వొచ్చి వెళ్ళాక ఆయన మళ్ళీ పాఠాల ఊసెత్తలేదమ్మా. పడుకుని కిటికీ వంక చూస్తూ ఉండేవారు. ఎందుకో మరి" అన్నారు. ఎందుకో నాకు తెలుసు. ఆవిడ చేతిలోంచి చెయ్యి తీసుకోలేకపోయాను, నిజమూ చెప్పలేకపోయాను. ఇదిగో, మీకు చెబుతున్నాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం?

బుధవారం తొమ్మిదో తరగతిలో అరఠావులు పంచాను. చేపల పెట్టెలో ఐసు మీద గోనెసంచి ఎందుకు కప్పుతారు, మీరేమనుకుంటున్నారో రాయండి అన్నాను.

"గైడులో ఏ పేజీ అండి?" అంది ముందు బెంచీ పిల్ల.

"గైడు వద్దమ్మా. నువ్వేం అనుకుంటున్నావో రాయి."

"మేమనుకునేది రాస్తే మార్కులు వెయ్యరు కదండి."

చివరికి రాశారు. ముందురోజు నేను రాయించిన ఉష్ణం నిర్వచనమే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, కాగితం వెంట కాగితం. వెనక బెంచీలో ఒక్క పిల్ల మాత్రం వంగి గబగబా ఏదో రాసుకుపోతోంది. వాళ్ళ నాన్న ఉప్పాడ నుంచి చేపలు తెచ్చి అమ్ముతాడు. రోజూ ఐసు మీద గోనె కప్పే పిల్ల. నేను అటు నడిచేసరికి కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. రబ్బరు తీసి గట్టిగా రుద్దేసి, పక్కపిల్లది చూసి పైన నిర్వచనం రాసి ఇచ్చింది.

గంట కొట్టాక ఆ కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టి చూశాను. పెన్సిల్ నొక్కుల్లో "మా నాన్న" అన్న రెండు మాటలు అందాయి. ఆ తర్వాత రుద్దిన చోట కాగితం చిరిగి, అందులోంచి ఆటస్థలం కనిపిస్తోంది.