పద్నాలుగో నంబరు బిళ్ళ

ఎవరైనా పని చెబితే కాదనడం ఆదాముకి రాదు. కొందరికి ఈత రానట్టే అతనికది రాలేదు. ఒంగోలు దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పన్నెండేళ్ళు థర్మల్ ల్యాబ్ అటెండరుగా చేశాడు. డీజిల్ ఇంజన్లు స్టార్ట్ చేసేవాడు, రీడింగులు అందించేవాడు, నూనె గుడ్డలు ఉతికి ఆరేసేవాడు. పనిలో పనిగా, రాని కుర్రాళ్ళకి హాజరు కూడా వేసేవాడు.

"ఆదామూ, మ్యాట్నీకి పోతున్నాం. మా నలుగురికీ ప్రాక్సీ వేసెయ్" అనేవాళ్ళు, తమకంటే పదిహేను పదహారేళ్ళు పెద్దవాడన్న సంకోచం లేకుండా.

ఒకసారి లెక్చరరు తలలు లెక్కపెట్టాడు. నలుగురు తగ్గారు. ఎవరు వేశారని అడిగితే ఆదాము "నేనే సార్" అన్నాడు. నెలరోజులు సస్పెండయ్యాడు. తిరిగొచ్చిన రోజున ఆ నలుగురిలో వంశీ అనే కుర్రాడు ల్యాబ్ గుమ్మంలో నిలబడి, చూయింగ్ గమ్ నములుతూ, "హాలిడేస్ బాగా గడిచాయా ఆదామూ?" అని అడిగాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. ఆదాము కూడా నవ్వాడు.

2010లో అతని భార్య ఫ్లోరెన్స్‌కి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆవిడ వెనకాలే ఇతనూ వచ్చాడు. ట్రాక్టర్లు బాగుచేసే వర్క్‌షాపులో చేరాడు. అక్కడ తోటి మెకానిక్ రస్, శని ఆదివారాల్లో ఊరికి గంటన్నర దూరంలో ఉన్న ఒక పాత స్కీ కొండ మీద కాలక్షేపం చేసేవాడు. అదొక క్లబ్బు. కుర్చీ లిఫ్టులు లేవు, హోటళ్ళు లేవు. రేకుల కప్పు వేసిన ఒక గుడిసె, ఒక పాత లారీ ఇంజను, ఆ ఇంజను తిప్పే పొడవాటి తాడు, అంతే. ఆ తాడుని పట్టుకునే జనం కొండెక్కాలి. ఇంజను మొరాయించిందని రస్ ఒకసారి ఆదాముని తీసుకెళ్ళాడు. ఆదాము మూత తీసి చూసి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వాడు. ఒంగోలు ల్యాబ్‌లో ఉన్నదానికి తమ్ముడిలాంటిదది.

అప్పటినుంచి పదకొండు చలికాలాలు. ఇంజను అతని చేతిలోనే ఉండేది. స్కీయింగ్ కూడా నేర్చుకున్నాడు, అందంగా కాదు గానీ పడకుండా. క్లబ్బు అతనికి సభ్యత్వం ఇచ్చింది. ఆదాము పేరు ఏ జాబితాలోనైనా ఎక్కడం, హాజరు పట్టీల సంగతి వదిలేస్తే, అదే మొదలు.

గుడిసె గోడకున్న బోర్డు అతను చేసిందే. చెక్క మీద రెండు వరసల మేకులు. పై వరస "కొండ మీద", కింది వరస "లోపల". ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ. బయటికి వెళ్ళేటప్పుడు బిళ్ళ పైకి, వచ్చాక కిందికి. పై వరస ఖాళీ అయ్యాకే ఇంజను ఆపి తాళం వేస్తారు. పక్కనే మూడు నియమాలు అచ్చుగుద్ది అంటించారు: ఎవరి బిళ్ళ వాళ్ళే మార్చుకోవాలి. అతిథులు చేసే పనికి తీసుకొచ్చిన సభ్యుడే జవాబుదారీ. దెబ్బ తగిలితే ఉన్నచోటే ఉండండి, మేం వస్తాం.

ఆదాము బిళ్ళ నంబరు పద్నాలుగు.

మొన్నటి ఉగాది సంబరాల్లో వంశీ అతన్ని చూశాడు. పదహారేళ్ళ తరవాత కూడా గుర్తుపట్టాడు. "అరే, మా ల్యాబ్ ఆదాము!" అని భుజం మీద చరిచి, ప్లేట్లు పట్టుకున్న పదిమందిని పిలిచాడు. "మా కాలేజీ అటెండర్ అండీ. ఇప్పుడు ఈయనా కివీయే. స్కీయింగ్ అంట మళ్ళీ! ఏం ఆదామూ... సారీ, అంకుల్! మమ్మల్ని తీసుకెళ్ళవా?"

తీసుకెళ్ళాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాలుగోసారి ఆగస్టులో, అంటే అక్కడి చలికాలంలో, ఒక గురువారం. వంశీ, అతని భార్య శ్రీజ సెలవు పెట్టుకున్నారు. రెండేళ్ళ పాపని డేకేర్‌లో దించి వచ్చారు. డేకేర్ అయిదున్నరకి మూసేస్తారు. ఆ మాట శ్రీజ దారంతా ఏడుసార్లు అంది.

కొండ కింద రోడ్డు గడ్డకట్టి ఉంది. చక్రాలకి గొలుసులు వేయాలి. వంశీ హీటర్ ఆపకుండా కారులోనే కూర్చుని అద్దం రెండంగుళాలు దించాడు.

"అంకుల్, గ్లోవ్స్ తీసి చేస్తే ఫాస్ట్‌గా అవుతుందేమో?"

"ఇదిగో అయిపోయింది బాబూ."

"పాపం! వంశీ, దిగి హెల్ప్ చేయొచ్చుగా" అంది శ్రీజ.

"ఆయనకి అలవాటే. మా ల్యాబ్‌లో ఇంజన్ కింద దూరి పడుకునేవాడు. ఏం అంకుల్?"

"అవునమ్మా" అన్నాడు ఆదాము, చక్రం కిందనుంచి.

కొండ మీద ఆ రోజు, సెలవు పెట్టి వచ్చిన రస్‌తో కలిపి, మొత్తం తొమ్మిది మంది. మైనస్ ఆరు డిగ్రీలు. ఆకాశం అల్యూమినియం గిన్నె అడుగులా ఉంది. తాడు పట్టుకోవడానికి నడుము బెల్టుకి అడకత్తెరలాంటి ఇనుప పట్టు ఒకటి ఉంటుంది. పరిగెడుతున్న తాడుని ముందు చేత్తో పట్టుకుని, దాని వేగం అందుకుని, అప్పుడు ఆ అడకత్తెరని దాని మీద మూసేయాలి. మూడుసార్లు వచ్చినా వంశీకి అది పట్టుబడలేదు. ఆదాము వెనకనుంచి అతని నడుం పట్టుకుని, చిన్నపిల్లాడికి సైకిల్ నేర్పినట్టు తోసి, పరిగెత్తి, పడిపోయాడు. వంశీ పైకి పోతూ వెనక్కి తిరిగి నవ్వాడు.

మధ్యలో వాళ్ళిద్దరూ టీకి లోపలికి వస్తే, చేతులు కొంకర్లు పోతున్నాయని వాళ్ళ బిళ్ళలు ఆదామే కిందికి మార్చాడు. మళ్ళీ వెళ్తుంటే ఆదామే పైకి మార్చాడు. గత మూడుసార్లూ అంతే. ఎవరి బిళ్ళ వాళ్ళే మార్చుకోవాలన్న కాగితం అతని మోచేతికి తగులుతూనే ఉంది.

మూడుంబావుకి శ్రీజ ఒక చెయ్యి ఖాళీగా కిందికొచ్చింది. పోల్, అంటే ఊతకర్ర, ఒకటి శిఖరం అవతలి వంపులో జారిపోయిందట. అద్దెది.

"అంకుల్, మీరు కాస్త చూసొస్తారా? మేం బూట్లు మార్చుకుంటాం. టైమవుతోంది" అన్నాడు వంశీ.

"మీరు బయల్దేరండి బాబూ. పాప కోసం కదా. కర్ర నేను తెస్తాను. నేను రస్‌తో దిగుతాలే."

ఆ మాట అన్నది ఆదామే. తరవాత ఆ కొండ మీద కూర్చుని దాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నాడో.

కర్ర దొరికింది. దాన్ని అందుకోవడానికి వంగి తిరిగినప్పుడు మంచు పైపెంకు పగిలి కుడికాలి స్కీ పలక లోపలికి దిగబడింది. ఒళ్ళంతా ఒకవైపుకి, మోకాలు ఇంకోవైపుకి తిరిగాయి. చెరకు విరిచిన చప్పుడు తనకే వినిపించింది.

లేవబోతే కాలు తనది కానట్టుంది. ఫోన్ తీశాడు. పొద్దున ఎనభై శాతం ఉన్న బ్యాటరీ చలికి చచ్చిపోయింది. కంగారు పడలేదు. నియమం తనే వంద మందికి చెప్పాడు: దెబ్బ తగిలితే ఉన్నచోటే ఉండండి. పద్నాలుగో బిళ్ళ పై వరసలో ఉంది. అది అక్కడ ఉన్నంతసేపు రస్ కొండ దిగడు. స్కీలు విప్పి, వాటి మీద కూర్చున్నాడు, మంచు ఒంటికి తగలకుండా.

నాలుగింటికి శిఖరం అవతల ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దం అతనికి సంతోషంగా వినబడింది. ఇప్పుడు బోర్డు చూస్తారు. ఇప్పుడు బూట్లు బిగిస్తారు. ఇరవై నిమిషాలు.

నలభై నిమిషాలయింది. కిందెక్కడో ఒక బండి గేరు మార్చిన చప్పుడు. రస్ బండే, ఆ గేర్‌బాక్స్ బాగుచేసింది తనే. చప్పుడు దగ్గరికి రాలేదు. తగ్గుతూ పోయింది.

'ఎవరినో దించి వస్తాడు' అనుకున్నాడు ఆదాము. ఎవరిని అన్న ప్రశ్న వేసుకోలేదు.

ఒళ్ళు గట్టిగా వణుకుతోంది. ఫ్లోరెన్స్ ఒకసారి చెప్పింది: వణుకుతున్నంతసేపు ఫరవాలేదు, వణుకు ఆగి హాయిగా అనిపించిందా, అప్పుడు భయపడు. అందుకని తన వణుకునే కాపలా కాశాడు, ల్యాబ్‌లో మీటరు ముల్లుని చూసినట్టు. అయిదుంబావుకి ముల్లు కాస్త తగ్గింది. కొండ అంచున వెలుగు కూడా తగ్గింది. నిద్ర వచ్చేలా ఉంది.

రారు, అని అప్పుడు అర్థమైంది. ఎందుకు రారో అర్థం కాలేదు.

మంచు మీద కూర్చునే జరిగాడు. విరిగినట్టున్న కాలుని ఎడమకాలి మీద వేసుకుని, శ్రీజ పోల్‌ని తెడ్డులా గుచ్చుతూ, వెనక్కి. శిఖరం దాకా ఎక్కడానికే ముప్పావుగంట పట్టింది. ప్రార్థన మొదలుపెడితే మధ్యలో మాటలు మర్చిపోయాడు. చిన్నపిల్లాడిలా అరిచాడు. వినడానికి ఎవరూ లేరన్నది ఒక్కటే ఆ అరుపుల్లో ఊరట. అవతలి వైపు వాలు నున్నగా ఉంది. దొర్లాడు, జారాడు, వాంతి చేసుకున్నాడు.

గుడిసెకి తాళం వేసుంది. తాళంచెవి ఎక్కడుంటుందో అతనికి తెలుసు. పాకుతూ లోపలికెళ్ళి లైటు వేశాడు. మొదట చూసింది బోర్డునే.

పై వరస ఖాళీ. కింది వరసలో, తన మేకుకి, పద్నాలుగో నంబరు బిళ్ళ బుద్ధిగా వేలాడుతోంది.

కాసేపు తానే ఎప్పుడో లోపలికి వచ్చి మర్చిపోయానేమో అనుకున్నాడు. చలికి బుర్ర అలా కూడా పనిచేస్తుంది. తరవాత గోడ ఫోన్ అందుకున్నాడు. ఫ్లోరెన్స్ డ్యూటీలో ఉంది, ఎత్తలేదు. పక్కనున్న అతిథుల పుస్తకంలో వంశీ నంబరుంది, ఆదాము చేతిరాతే.

"హలో అంకుల్! చేరిపోయారా?" వెనక పాప ఏడుపు, గిన్నె చప్పుడు. "అయిదు నిమిషాల్లో మిస్ అయ్యేవాళ్ళం డేకేర్. శ్రీజ నన్ను చంపేసేది."

"బాబూ, నా బిళ్ళ... బోర్డు మీద నా బిళ్ళ ఎవరు మార్చారు?"

"నేనే. మాతోపాటు మీదీ కింద పెట్టేశా. వెనకాలే వస్తున్నారు కదా." నవ్వు. "మీరు మాకు ల్యాబ్‌లో ఎన్ని వేశారు ప్రాక్సీలు! నేనొకటి వేశా. చెల్లుకి చెల్లు."

ఆదాము జరిగింది చెప్పాడు. అవతల నవ్వు ఆగింది. శ్రీజ గొంతు దూరంగా: "నేనన్నానా? ఆయన దిగారో లేదో చూడమని అన్నానా లేదా?"

"నువ్వుండు" అన్నాడు వంశీ. తరవాత గొంతు తగ్గించాడు. "అంకుల్, రస్‌కి ఫోన్ చేయండి, వచ్చి తీసుకెళ్తాడు. కానీ నా పేరు చెప్పకండి. నా మెంబర్‌షిప్ అప్లికేషన్ వచ్చే వారమే కమిటీ ముందుకి వస్తోంది. మీరే బిళ్ళ మార్చుకుని, మళ్ళీ పోల్ కోసం వెళ్ళానని చెప్పండి. మీకేం పోతుంది? మీరు వాళ్ళకి పాత మనిషి."

"మోకాలు పోయింది బాబూ."

"అదే, అదే. పాపం. ఐస్ పెట్టండి" అన్నాడు వంశీ.

ఫోన్ అందుకుని రస్ వచ్చేసరికి ఏడున్నర. గుమ్మంలోనే ఆగి, నేల మీదున్న ఆదాముని చూసి బూతు ఒకటి వాడాడు. కోపం కాదు, భయం.

"వాళ్ళ కారులో పోయావనుకున్నా ఆడమ్. నీ బిళ్ళ లోపలుంది. నా కళ్ళతో చూశా." బూటు విప్పడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దాన్ని ఎవరు మార్చారు?"

"నేనే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతనికి దారి తెలిసిన మాట అది. అప్పుడే రస్ బూటు లాగాడు. ఆదాము కళ్ళముందు గది తెల్లబడింది. మళ్ళీ గోడలు కనిపించాక అన్నాడు:

"వంశీ."

రస్ బూటు పక్కన పెట్టాడు. లేచి, అతిథుల పుస్తకం తెరిచి, ఆ రోజు వరస మీద వేలు పెట్టాడు. "నీ అతిథి. కింద నీ సంతకం."

"తెలుసు."

"ఇంతకుముందు కూడా ఒకళ్ళ బిళ్ళ ఒకళ్ళు మార్చారా?"

"నేనే మార్చేవాణ్ణి. వాళ్ళవి."

"ఈ బోర్డు చేసినవాడివి నువ్వు" అన్నాడు రస్. తిట్టినా బాగుండేది. "కమిటీకి చెప్పాలి ఆడమ్. చెప్పకపోతే రేపు ఇంకెవడో చస్తాడు. వాణ్ణి రానివ్వరు. నిన్నూ రానివ్వరు."

"ఇంజనో?"

"నేర్చుకుంటాను."

ఆదాము చెయ్యి చాచాడు. రస్‌కి మొదట అర్థం కాలేదు, తరవాత బోర్డు దగ్గరికెళ్ళి పద్నాలుగో బిళ్ళ తీసుకొచ్చి ఇచ్చాడు. ఆదాము దాన్ని అరచేతిలో ఒకసారి తిప్పి చూసుకుని, తిరిగి రస్ చేతిలో పెట్టాడు.

బండిలో వెనక సీటు మీద కాలు చాపి పడుకోబెట్టాడు రస్. శ్రీజ పోల్ ఇంకా ఆదాము పిడికిట్లోనే ఉంది. వేళ్ళు బిగుసుకుపోయి వదలలేదు. కొండ దిగి మైదానంలోకి వచ్చాక హీటర్ వేడికి జేబులో ఫోన్ బతికింది. సిగ్నల్ అందగానే టింగుమంది. ఫ్లోరెన్స్ అనుకుని తీశాడు.

శ్రీజ. "అంకుల్ హోప్ యు ఆర్ ఓకే. ఇంతకీ పోల్ దొరికిందా? రేపు షాప్‌లో రిటర్న్ చేయాలి."

"ఎవరు? మీ ఆవిడా?" అన్నాడు రస్, అద్దంలోంచి చూస్తూ.

"కాదు."

ఒక్కో వేలూ విడదీసుకుని, పోల్‌ని సీటు కిందికి, రస్ పాత సుత్తులూ గోనెసంచులూ ఉన్న చోటికి, లోపలికంటా నెట్టాడు. తరవాత రెండు బొటనవేళ్ళతో, తప్పులు దిద్దుకుంటూ టైపు చేశాడు.

"లేదమ్మా. దొరకలేదు."