మంచె మీద పదకొండో అంతస్తు

మా తాత అప్పయ్య తన ఫోనుకు వచ్చిన ఏ కంపెనీ మెసేజీనీ ఊరికే పోనివ్వడు. ధర అడుగుతాడు. అది రాయపూర్‌లో ఫ్లాటు కానివ్వండి, బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె కానివ్వండి, ఆడవాళ్లు ముఖానికి రాసుకునే క్రీము కానివ్వండి, అడగాల్సిందే. కొనడు. కొన్నట్టు చరిత్రలో లేదు.

మాది తర్లగూడ. మా ఇంటికి సంబంధించినంత వరకు సిగ్నల్ అందేది మొక్కజొన్న చేలో మంచె మీదే. గాలి అటు తిరిగితే తెలంగాణ టవరు, ఇటు తిరిగితే ఛత్తీస్‌గఢ్ టవరు. మంచె మీద కాలు కదపకుండా తాత రోజుకు మూడుసార్లు రాష్ట్రం దాటేవాడు. దాంతో రెండు వైపుల కంపెనీలూ ఆయన్ని తమవాడే అనుకునేవి. తాతకు అక్షరం ముక్క రాదు. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన ఘనత నాది కాబట్టి, చదివిపెట్టే ఉద్యోగం నాకు దక్కింది.

"శిరీషా, ఏమొచ్చింది జూడు."

"జిమ్ము, తాతా. పోయి బరువులు ఎత్తాల్నంట."

"కూలెంత ఇస్తరంట?"

"వాళ్లియ్యరు. మనమే ఇయ్యాలె."

తాత వేళ్ల మీద లెక్క వేశాడు. "బరువు మనమే మోసి, కూలి గూడ మనమే ఇయ్యాల్నా? వీడెవడో గట్టి షావుకారే. నంబరు నొక్కు, అడుగుదాం."

అన్నిటికన్నా ఆయనకు ఫ్లాట్ల కంపెనీ అంటే ప్రీతి. 'మిస్డ్ కాల్ ఇవ్వండి, కలల ఇల్లు మీ సొంతం' అని రోజుకు అయిదు మెసేజీలు పంపేవాళ్లు. తాత అయిదు మిస్డ్ కాల్సూ ఇచ్చేవాడు. అవతలి నుంచి పూనం అనే అమ్మాయి తిరిగి ఫోను చేసేది. బీజాపూర్ పిల్ల, తెలుగు వచ్చు.

"బాబా, పదకొండో అంతస్తు ఖాళీగా ఉంది."

"గంత ఎత్తు మేకలు ఎక్కుతయా, బిడ్డా?"

"లిఫ్టు ఉంది, బాబా."

"మేకలు అండ్ల నిలవడి ఊకుంటయా? హోయ్! హోయ్!"

"బాబా! ఏమైంది?"

"నిన్ను గాదు బిడ్డా, చిలుకలను. కంకులు కొరుకుతున్నయ్. నువ్వు జెప్పు. కోళ్లగంప పెట్ట జాగ ఉన్నదా?"

"బాల్కనీ ఉంది."

"తూర్పుకా, పడమటికా?"

అలా సాగి సాగి, చివరికి ఒకే ముక్తాయింపు: "ఇల్లు మంచిదే బిడ్డా. మా ముసల్దాన్ని అడిగి చెప్త."

ఆ ముసల్ది, అంటే మా నాయనమ్మ వెంకమ్మ, మంచె కిందే నిలబడి వినేది.

"నన్నెప్పుడు అడిగినవయ్యా? ఇంటి మీద పెంకులు సర్దమంటే ఏడాదాయె, పదకొండో అంతస్తు కావాల్నట! ఫోను పెట్టినంక ఆ పిల్ల పడిపడి నవ్వుతది."

ఒకరోజు మా నాయన హరిబాబు భోపాల్‌పట్నం నుంచి ఎన్నిసార్లు ఫోను చేసినా తాత లైను ఖాళీ దొరకలేదు. కర్రు తెమ్మన్నామో గొడ్డలి తెమ్మన్నామో తేలక రెండూ కొనుక్కొచ్చాడు. మేం చెప్పింది కొడవలి. ఇక లాభం లేదని, మర్నాడు నేను ప్రవీణ్‌కుమార్ మొబైల్ దుకాణానికి పోయి కంపెనీ మెసేజీలన్నీ బంద్ చేయించాను.

ఫోను మూగదైపోయింది. మొదటి రోజు తాత దాన్ని తువ్వాలతో తుడిచాడు. రెండో రోజు చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. మూడో రోజు, "లోకంల అంగళ్లన్నీ ఎత్తేసినట్టున్నరు" అన్నాడు.

"నువ్వే ఆ పిల్లకు ఫోను చెయ్యరాదు, తాతా?"

"కేకెయ్యని దుకాణం కాడ ఎట్ల నిలవడ్తమే? పద్ధతి గాదు."

చిలుకలు మాత్రం పండగ చేసుకున్నాయి.

నాలుగో రోజు ఫోను మోగితే నేనే ఎత్తాను. పూనం.

"అప్పయ్య బాబా బాగున్నారా? అంటే... ఉన్నారా?"

"హోయ్!" అని వెనక నుంచి వినబడగానే ఆ పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. వాళ్ల ఆఫీసులో నెల తిరిగేసరికి రెండేసి నిమిషాలు సాగిన కాల్స్ ఇన్ని అని లెక్క. తగ్గితే ఇంటికి పంపేస్తారు. ఎవరికి చేసినా తిట్టి పెట్టేసేవాళ్లే. బాబా ఒక్కడే రోజుకు అయిదు నిలబెట్టేవాడు. "రెండు నిమిషాలు అయినయా బిడ్డా, ఇంకోటి అడగాల్నా?" అని మెల్లగా కనుక్కుని మరీ పెట్టేవాడు. ఈ నెల పదిహేను తక్కువ పడ్డాయి. ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

మూడు రోజులు, రోజుకు అయిదు. పదిహేనూ నా పుణ్యమే.

"నీకు తెలిసే అడుగుతున్నవా, తాతా? మాకు చెప్పొద్దా?"

తాత సిగ్గుపడ్డాడు. "అంగట్ల ఇరవై ఏండ్లు కొండచీపుర్లు అమ్మిన. తిట్టిపోయేటోడన్న నయమే. మనిషి కూసున్నడని చూడకుంట పోయేటోనితోనే పానం ఉసూరుమంటది. కొనకున్నా పాయె, ఒక్కడు ధర అడిగితె పొద్దుగూకేదాక కూసుండ బలమొస్తది."

కింద నాయనమ్మ అంతా విన్నది. తిట్లు మొదలవుతాయని నేను చెవులు మూసుకోబోయాను. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని, జన్మలో మొదటిసారి మంచె ఎక్కింది.

"గా ఫోను ఇటు తే. ఏం పిల్లా, మీ పదకొండో అంతస్తుల కట్టెల పొయ్యి పెట్టనిస్తరా? మరి పొగ ఎటు పోతది?"

పదిహేడు నిమిషాలు. తాత నోరు తెరుచుకుని చూశాడు.

నేను జనాన్ని పోగేయడానికి ఊళ్లోకి పరిగెత్తాను. ఆ మూడు రోజులూ మంచె కింద వరస తగ్గలేదు. లక్మా ఆ డాబా మీద ఇప్పపువ్వు ఎండబోసుకోనిస్తారా అని అడిగాడు. ఆయతి పక్కింటివాళ్లు కొట్లాడే రకమా అని అడిగింది. కావాల్సింది పదిహేనైతే, లెక్క ఇరవై మూడుకు చేరింది. పూనం ఉద్యోగం నిలిచింది. ప్రవీణ్‌కుమార్ గొణుక్కుంటూ మెసేజీలు మళ్లీ తెరిచాడు.

కానీ రాయపూర్‌లో పెద్దవాళ్లు కాగితాలు చూసి అదిరిపోయారు. రాష్ట్రం మొత్తం మీద ఫ్లాట్లకు ఇంత గిరాకీ ఉన్న ఊరు లేదట! పై నెల ఒక జీపు దిగింది. అందులో టై కట్టుకున్న ఉపేంద్ర అనే ఆఫీసరు, ఒక బ్యానరు, ఈ ప్రాంతం గురించి తెలిసిన నిపుణురాలిగా పూనం. బ్యానరు కట్టడానికి ఊళ్లో మంచెను మించిన ఎత్తు దొరకలేదు.

ఊరంతా వచ్చింది. ఊరంతా ధర అడిగింది. సాయంత్రానికి టై జేబులోకి పోయింది. మా తాత కాల్చిన కంకులు పెట్టి, "ఇల్లు మంచిదే సారూ" అని ఓదార్చాడు.

జీపు ఎక్కబోతుంటే మా ఇంటి అరుగు మీద కొండచీపుర్ల కట్ట కనబడింది. పూనం ఆఫీసరును మోచేత్తో పొడిచింది.

"చీపురు ఎంత, బాబా?" అన్నాడు ఉపేంద్ర, అడగక తప్పక.

తాత ముఖం దీపంలా వెలిగింది. ఆ గడ్డి ఏ గుట్ట మీది నుంచి తెచ్చాడో, ఎన్నాళ్లు ఎండబెట్టాడో, పిడి ఎట్లా అల్లాడో అరగంట చెప్పాడు. ఆఫీసరు తల ఊపుతూ అంతా విని, చీపురు అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా కట్టలో పెట్టేశాడు.

"మంచి చీపురే బాబా. మా ఆవిడను అడిగి చెప్తా."

మంచె మీది చిలుకలన్నీ ఒక్కసారిగా లేచిపోయేంత గట్టిగా నవ్వాడు తాత.