ఓబుళమ్మ టీచరు కొలిచిన పరుగుబాట

మా మేనత్త ఓబుళమ్మ టీచరు ఇక లేరన్న వార్త, ఒలింపిక్స్ ముగియడానికి ఇంకా నాలుగు రోజులుండగా, కంబదూరు నుంచి ఫోనులో వచ్చింది. ఉదయం కాఫీ తాగి, నా కూతురు హారికకు ఆనాటి పాఠం చెప్పబోతూ అలాగే గోడకు ఒరిగిపోయిందట. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే నన్ను ఫోనులో దులిపేసిన మనిషి! కళ్యాణదుర్గం నుంచి బస్సులో పోతున్నంతసేపూ ఎవరో పొరబడి ఉంటారనే నా మనసు మొండికేసింది. మధ్యాహ్నం గుంత తవ్వేవాళ్లు "మనిషి పొడవెంతన్నా?" అని నన్ను అడిగారు. నా పక్కనున్న హారిక చెప్పింది: "ఐదడుగులు. నేనే కొలిచినా." పదకొండేళ్ల పిల్ల ఆ కొలత ఎందుకు తీసిందో చెబితే, మా అత్త ఎటువంటి ఉపాధ్యాయురాలో చదువరులకు తెలుస్తుంది.

నేను జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకుణ్ణి. ఊరి పిల్లలకు విద్యామహిమను గొంతెత్తి బోధించేవాణ్ణి, ఇంట్లో లెక్క తప్పితే కన్నబిడ్డను "మొద్దు" అన్నాను. ఒక్కసారి కాదు, రోజూ అన్నాను. పోనుపోను పుస్తకం తెరిస్తే చాలు, పిల్లకు అరచేతులు చెమర్చేవి. బడి గేటు దగ్గర వాంతి చేసుకునేది. డాక్టరుకు చూపిస్తే జబ్బేమీ లేదన్నాడు. సంగతి తెలిసి అత్త మొదటి బస్సుకే వచ్చేసింది.

"ఓ యాడాది బడి మానిపిచ్చి పిల్లను నా కాడ ఇడ్చిపెట్టప్పా. పిల్లోళ్లను బడికి పంపండని ఊరూరా తిరిగి మొత్తుకున్నదాన్ని, నేనే ఈ మాట అంటాండా సూడు. ఎంత కాలమొచ్చె!" అంది. సాంఘిక శాస్త్రం చెబుతూ ప్రభుత్వ బడుల్లోనే తల నెరసిన మనిషికి ఆ మాట అనడం ఎంత కష్టమో ఆమె కళ్లు చూస్తే తెలిసింది.

కంబదూరు తీసుకుపోయి కొన్ని నెలలు పిల్లకు పుస్తకమే చూపలేదు. ఒలింపిక్స్ రాబోతున్నాయని టీవీలో చూసి హారిక, నాయనమ్మ వరసైన అత్తను "అదేంది జేజీ?" అని అడిగిందట. అంతే, అత్త పాత క్యాలెండర్ కాగితాలు చింపి, వాటి వెనకవైపు పథకం రాయడం మొదలుపెట్టింది. రోజుకొక ఆట, ఆ ఆటలోనే ఆనాటి చదువంతా. జెండాలతో భూగోళం, బరువులెత్తే ఆటతో తూనికలు, విలువిద్యతో కోణాలు, ఆట చూసి నాలుగు వాక్యాలు రాస్తే తెలుగు. నేను ఆ కాగితాలు చూసి నవ్వాను. "నవ్వప్పా, నవ్వు. పాఠం పిల్ల కాడికి పోవల్ల. బెదిరిన పిల్ల పాఠం కాడికి యాడ వస్తాది?" అంది.

ఈతపోటీల పాఠం దగ్గర చిక్కొచ్చింది. "మన కాడ మోకాల్లోతు నీళ్లుండాయా, ఈత చూపియ్యనీకి?" అని తానే విసుక్కుని, పిల్లను బస్సెక్కించి బుక్కరాయసముద్రం చెరువుకు తీసుకుపోయింది. పోటీ కొలనులు ఇందులో ఎన్ని పడతాయో కట్టమీద కూర్చుని ఇద్దరూ ఊహించారు. తిరిగొచ్చేటప్పుడు, మబ్బులు మన జిల్లా దాకా ఎందుకు రావో చెప్పిందట. మోకాళ్ల నొప్పులతో అంత దూరం పోయి రావడం ఏమవసరమని నేను కసురుకున్నాను. ఆమె లక్ష్యపెట్టలేదు.

ఇక పరుగు. ఇంటి వెనక బీడు చేలో వంద మీటర్ల బాట గీయాలి. అత్తకు టేపు గుర్తురాలేదు. సేద్యగాడైన వాళ్ల నాయన, అంటే మా తాత, చేలన్నీ బారలతోనే కొలిచేవాడు. రెండు చేతులూ చాపితే బార, బారంటే ఆరడుగులు. ఆ లెక్కన యాభై ఐదు బారల తాడు కొలిచి, చివర రాయి పాతింది. హారిక పరుగెత్తింది, పద్నాలుగు సెకన్లు! "నాయనా, ప్రపంచంలో గెలిచినోళ్లకూ నాకూ నాలుగు సెకన్లే తేడా!" అని ఫోనులో అరిచింది. ఏడాదిగా ఆ గొంతులో అంత సంతోషం విని ఎరగను.

నాకు మాత్రం అనుమానం తీరలేదు. ఆదివారం టేపుతో పోయి చూస్తే బాట ఎనభై నాలుగు మీటర్లే. మా తాత ఆరడుగుల మనిషి. అత్త పొట్టిది. ఆయన లెక్కను తన చేతులతో కొలిచింది! రహస్యంగా చెబుతూ, "పిల్లకు చెప్పొద్దులే అత్తా, సంతోషంగా ఉంది" అన్నాను.

"అట్లెందుకు దాస్తామప్పా?" అని అక్కడికక్కడే హారికను పిలిచింది. "అమ్మా, జేజి తప్పు చేసింది. యాడ చేసిందో నువ్వే కనుక్కో." గోడకు వీపు ఆనించి రెండు చేతులూ బారజాపి నిలబడింది. పిల్ల కొలిచింది. చేతుల బార ఐదడుగులు, ఎత్తూ ఐదడుగులే. నేల మీద పుల్లతో లెక్క వేసి, "పదహారు మీటర్లు తక్కువ జేజీ" అంది. భయపడకుండా, ఎవరూ చెప్పకుండా, నా బిడ్డ చేసిన మొదటి లెక్క అది. బాట పొడిగించి మళ్లీ పరుగెత్తింది. పదిహేడు సెకన్లు పట్టింది. నవ్వుకుంటూనే వచ్చింది.

ఆ రోజు బస్సు దగ్గర అత్త నన్ను నిలదీసింది. "నేను పిల్ల ముందర తప్పొప్పుకుంటి. మొద్దంటివే, నువ్వెప్పుడు ఒప్పుకుంటావు?" చూద్దాంలే అన్నాను. చనిపోవడానికి ముందు సాయంత్రం ఫోనులో తిట్టింది కూడా అందుకే. "ముగింపు నాటికి రా. నా ముందర ఆ మాట చెప్పు. పిల్ల బడికి పోతానంటాంది, నేనే చెయ్యి పట్టుకొని పిల్చుకపోతా." సెలవు దొరికితే వస్తానన్నాను. ఛీ! బిడ్డకు ఒక్క మాట చెప్పడానికి నాకు సెలవు కావలసివచ్చింది.

సన్మానాలు, శాలువాలు ఎరగని ఆ ప్రజ్ఞామూర్తికి నివాళి రాయడానికి నా దగ్గర ఉన్న సంస్కృత పదాలన్నీ వెతికాను. ఏదీ సరిపోలేదు. తప్పును ఒప్పుకోవడం కూడా పాఠమేనని చేసి చూపినవారు మా వంశంలో ఆమె ఒక్కతే, ఆ స్థానం ఇక భర్తీ కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు హారికను నేనే బడికి తీసుకుపోయాను. గేటు దగ్గర చెయ్యి పట్టుకుని, "అమ్మా, నిన్ను మొద్దన్నాను. తప్పు నాది" అన్నాను.

హారిక నేల చూపులు చూసింది. "జేజి ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు నాయనా" అని, నా చెయ్యి విడిపించుకుని లోపలికి పోయింది.