ఆపి చూడని మోటరు

మదీనాగూడలో మా ఇంటి వెనుక సందులో ఈ ఉదయం బోరు వేస్తున్నారు. నలిగిన రాతిపిండి తడిసినప్పుడు లేచే ఆ చల్లటి వాసన కిటికీలోంచి రాగానే, చెప్పదలచుకున్నదానిలో చూసినదేదో, విన్నదేదో ముందే విడదీయాలనిపించింది. మా పెరట్లో బోరు నుంచి నీళ్లు ఎగజిమ్మడం, తరువాతి వేసవికి పక్కనున్న యాదమ్మ బావి ఎండిపోవడం నేను చూసినవి. బోరు వేయవలసిన చోట ఒక పెద్దాయన అరచేతిలో టెంకాయ తనంతట తానే లేచి నిలబడిందన్నది మా నాయన చెప్పగా విన్నది. ఆ సమయానికి నేను బడిలో ఉన్నాను.

హైటెక్ సిటీలో అద్దాల మేడలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. అనంతపురం నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న మాకూ, తరతరాలుగా ఇక్కడే ఆకుకూరలు పండించుకుంటున్న యాదమ్మత్తకూ మధ్య ఒక తడికె మాత్రమే అడ్డు. తెల్లవారుతూనే పాలకూర మడుల్లోకి పారే నీళ్ల చప్పుడు, బతుకమ్మ పండుగకు ఆమె బావిగట్టున రాశులుగా పోసిన తంగేడు, గునుగు పూల పచ్చి వాసన, ఆ పండుగ ఆఖరిరోజు సద్దులనాడు మా అరచేతుల్లో పెట్టే నువ్వుల పొడి, రొట్టెలో బెల్లం కలిపిన మలీద ముద్దలు, ఉగాదికి మా అమ్మ నెయ్యి పూసి తడికె మీదుగా అందించే ఓళిగలు, ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లలమంతా బావిలోకి వంగి పేర్లు అరిచి ఎవరి గొంతు ఆలస్యంగా తిరిగొస్తుందోనని వేసుకున్న పందేలు, వీటన్నిటితో నిండినది నా బాల్యం. గొంతు ఆలస్యమైతే నీళ్లు కిందికి దిగినట్టేనని నాకు నేనే కనిపెట్టుకుని మురిసిపోయాను.

సిమెంటు, ఇనుము అమ్మే మా నాయన ఎంతటి వాదాన్నైనా ఒక్క ప్రశ్నతో ముగించేవాడు: పని అయిందా, లేదా? వాస్తు చెప్పేవాణ్ణీ, జ్వరానికి పొట్లం కట్టిచ్చేవాణ్ణీ అదే తూకంలో తూచాడు. టెంకాయతో నీళ్లు చూసే పెద్దాయనను మా ఊరి వైపు నుంచి పిలిపించిందీ ఆయనే.

"నాయనా, ఆయప్ప కండ్లకు గుడ్డ కట్టి మళ్లీ నడిపిస్తే టెంకాయ ఆడనే లేస్తాదా?" అని అడిగాను.

"నీళ్లు పడినాయి కదా పాపా! నీకు నీళ్లు కావల్నా, టెంకాయ కత కావల్నా?"

ఇల్లంతా నవ్వింది.

ఆ మరుసటి వేసవిలో యాదమ్మత్త ఖాళీ బిందెతో వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది.

"అన్నా, మీ మోటరు జర బంద్ పెట్టున్రి. మా బాయిల బురద తేలింది."

"మా బోరు నీళ్లు వేరమ్మా, మీ బావి నీళ్లు వేరు. నీళ్లు చూసిన ఆయప్ప అప్పుడే చెప్పినాడు."

"గట్లనా? అయితే ఆ కొబ్బరికాయనే అడుగున్రి, నా పాలకూరకు ఏం పొయ్యాల్నో."

ఆమె వెళ్లాక నేను నాయనతో, కొన్నాళ్లు మోటరు ఆపుదాం, కుళాయి నీళ్లతో సర్దుకుందాం, బావి ఊరితే మనదే కారణం, ఊరకపోతే కాదు అన్నాను. బడిలో నేర్చిన విజ్ఞానమంతా అంతే.

"నడుస్తా ఉండే మోటరును ఎవురన్నా నిలుపుతారా? జర ప్రాక్టికల్‌గా ఉండు," అన్నాడు నాయన. అనంతపురం నోటికి హైదరాబాదు 'జర' అప్పటికే అంటుకుంది.

కళాశాలలో వ్యవహారవాదమనే తత్త్వం గురించి చదివినప్పుడు, ఒక మాట నిజానిజాలను అది ఆచరణలో తెచ్చే ఫలితాన్ని బట్టి తేల్చాలంటుంటే, నాయన పుస్తకం తెరవకుండానే ఆ దారిలో నడిచాడని నవ్వుకున్నాను. మరికొంత చదివాక ఆ నవ్వు మిగలలేదు. ఆ తత్త్వం ఫలితాలన్నిటినీ చూడమంటుంది, పక్క పెరట్లోవీ, వచ్చే ఏటివీ కలిపి. తేలినది మింగుడుపడకపోయినా నమ్మకాన్ని మార్చుకోమంటుంది. మా ఇంట్లో ఫలితమంటే తడికెకు ఇవతల పడే ధార మాత్రమే. జీడిమెట్లలో మందుల నాణ్యత పరీక్షించే ఉద్యోగంలోనూ 'ప్రాక్టికల్‌గా ఉండండి' అన్న మాట తరచూ వింటాను. అలా అన్నవారెవరూ ఇంకొక్కసారి పరీక్షించి చూడమనగా మాత్రం ఇంతవరకు వినలేదు.

మరో వేసవి గడిచేసరికి యాదమ్మత్త మడులు అమ్ముకుని లింగంపల్లి అవతల కిరాయి ఇంటికి వెళ్లిపోయింది. "పోతున్న వదినా. నీళ్లు మంచిగ వాడుకోన్రి," అని మా అమ్మతో అంది.

ఇప్పుడు ఆ మడులూ లేవు, తడికే లేదు, పేరు పిలిస్తే పలికే లోతూ లేదు. బావి ఉన్నచోట ఒక అపార్టుమెంటు సెల్లారులో కార్లు నిలుస్తున్నాయి. మా బోరూ ఎండి ఏళ్లయింది, వీధి మొత్తానికీ ట్యాంకరే దిక్కు. ఆమె బావిని తాగింది మా మోటరేనా? ఆ ఏడు వానలు తక్కువ, చుట్టూ లేచిన ప్రతి మేడా ఒక బోరు వేసింది, కనుక మాదేనని నేను చెప్పలేను. కాదని చెప్పే హక్కు మాకు అంతకన్నా లేదు. తేల్చగలిగిన పరీక్ష ఒక్కటే ఉండేది. మోటరు చివరికి ఆగింది. అప్పటికి తొంగి చూడడానికి బావి లేదు.