మామ తోసుకొచ్చిన వేగం బండి

మా చిన్నప్పుడు... ప్రపంచంలో అన్నిటికంటే వేగంగా పోయే బండిని మా దావీదు మామ చేత్తో తోసుకుంటూ ఇంటికి వచ్చేవాడు.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. డోన్ దగ్గర చిన్న పల్లె మాది. మామ అంటే మా అమ్మ తమ్ముడు, బెంగళూరులో మిలిటరీ వర్క్‌షాపులో పని. దేశం విడిచి వెళ్తూ ఒక తెల్లదొర తన మోటారు సైకిలును ఆయన చేతిలో పెట్టి పోయాడట. నల్లగా, రెండు సిలిండర్లతో, దున్నపోతంత ఉండేది. ముందర పళ్లెమంత మీటరు... అందులో నూటయాభై మైళ్ల దాకా అంకెలు. పందేలకని చేసే బండ్లు వేరే ఉంటాయనీ, మామూలు మనుషులు అంగట్లో కొనుక్కునే వాటిలో మాత్రం దీన్ని మించిన వేగం లేదనీ మామ చెప్పేవాడు.

నాకు అర్థం కానిది ఒకటే. ఆయన సెలవులకు వచ్చినప్పుడల్లా ఊరి మొదట్లో ఆ ఢబఢబ శబ్దం వినిపించేది... టక్కున ఆగిపోయేది. కాసేపటికి మామ చెప్పులు హ్యాండిలుకు తగిలించుకుని, చెమటలు కక్కుతూ, బండి తోసుకుంటూ మా పేటలోకి వచ్చేవాడు. పెట్రోలు అయిపోయిందేమో అనుకునేదాన్ని. మరి ప్రతిసారీ అక్కడే ఎలా అయిపోతుంది?

మా పేట, మా చర్చి ఊరికి ఆ చివర. దారి మాత్రం పెద్దవీధిలోంచే. ఆ వీధిలో మావాళ్లు సైకిలు దిగాలి, చెప్పులు విప్పాలి. ఎప్పుడూ ఉండే పద్ధతే కదా అని పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఇంకో విచిత్రం... ఆ వీధిలో అరుగు మీద కూర్చునే ఊరి పెద్దాయనకు ఆ బండంటే ప్రాణం. మామను ఆపి ఎంత వేగం పోతుంది, పెట్రోలు ఎంత తాగుతుంది అని అడిగేవాడు. ట్యాంకును ముద్దుగా నిమిరేవాడు. మామ ఎండలో వట్టి కాళ్లతో నిలబడి అన్నిటికీ జవాబు చెప్పేవాడు.

ఒక ఎండాకాలం, వేరుశెనగ కట్టె వామి దగ్గర ఆడుకుంటుంటే నన్ను ఎర్రతేలు కుట్టింది. ప్రార్థన చేశారు, పసరు పూశారు... నాకు ఒళ్లంతా చల్లబడి వాంతులు మొదలయ్యాయి. ఎద్దులబండి మీద డోన్ దవాఖాన చేరేలోపు పిల్ల దక్కదని అమ్మ ఒకటే ఏడుపు. మామ తన బండి తీశాడు. నేను మధ్యలో, అమ్మ వెనక.

పెద్దవీధి మలుపులో బండి ఆగలేదు.

"దిగప్పా... ఆయప్ప అరుగు మీదనే ఉండాడు" అంది అమ్మ. చావుబతుకుల్లో ఉన్న బిడ్డను పట్టుకుని కూడా అదే మాట. మామ వినలేదు. అప్పుడు అమ్మ ఏం చేసిందో ఆ మత్తులోనూ చూశాను. పరుగెత్తే బండి మీదే వంగి, తన కాళ్ల చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

పెద్దాయన అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. కోపమో, కంగారో... నాకు తెలియలేదు.

బతికాను. ఒళ్లు కుదుటపడ్డాక మామ మమ్మల్ని వెనక్కి తీసుకొచ్చాడు. పెద్దవీధి మొదట్లో పెద్దాయన ఎదురొచ్చాడు. మామ బండి నిలిపాడు కానీ ఇంజను ఆపలేదు.

"పాపకు బాగయిందా దావీదూ? శానా భయపడినాము" అన్నాడాయన, నన్ను దూరం నుంచే తేరిపార చూస్తూ. ఆ గొంతులో నిజంగానే దిగులు ఉంది. అమ్మ దండం పెట్టింది. తర్వాత అంతే మెత్తగా అన్నాడు...

"ఇంగ దిగప్పా."

మామ దిగాడు. అమ్మను దింపాడు, నన్ను దింపాడు. మళ్లీ ఎక్కాడు.

"అక్కా, మీరు నడిచి పోండి. నేనింగ ఈ ఊరికి రాను."

బండి తిప్పాడు. దాని అసలు వేగం అప్పుడే మొదటిసారి చూశాను. క్షణంలో దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. పెద్దాయన కూడా కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని మాతోపాటే చూస్తూ నిలబడ్డాడు.

మామ మాట తప్పలేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఊరి బయట సమాధుల దాకా వచ్చి, అక్కడి నుంచే వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన్ను పట్టుకుని ఎంత ఏడ్చానో.

ఆ పెద్దాయన మంచివాడో కాదో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. ఆ దిగులూ నిజమే... ఆ మాటా నిజమే.

ఇప్పుడు ఆ వీధిలో మా పేట పిల్లలే బండ్ల మీద దూసుకుపోతున్నారు. ఈ సంగతి చెబితే మా మనవడు "ఎందుకు దిగాల అవ్వా?" అన్నాడు. వాడికి అర్థం కానందుకు నాకు కడుపు నిండిపోయింది. మీ ఊళ్లోనూ ఇలాంటి వీధి ఉండేదా? మీ పిల్లలకు మీరేమని చెప్పారో కాస్త రాయండి...