జీతం మీద పేరెక్కడ రాస్తారు? దోహాలో గ్రాంటు కోసం ఒక ఆదివారం

నేను దోహా వెళ్ళింది మనవడి పుట్టినరోజు కోసమేనని మా అల్లుడు ఇప్పటికీ నమ్ముతున్నాడు. నమ్మనివ్వండి. అసలు కారణం జగిత్యాల దగ్గర మా చిన్న సంస్థ నడుపుతున్న ఒక గది. గల్ఫ్‌లో బరువులు మోసి నడుములు, మోకాళ్ళు పాడుచేసుకుని తిరిగొచ్చినవాళ్ళకు అక్కడ ఉచితంగా ఫిజియోథెరపీ చేస్తాం. "చేస్తాం" అన్నది మర్యాదకు. చేసేది స్వరూప ఒక్కతే. ఆమె జీతం భరిస్తున్న దాత ఆ ఏడాదితో ఆపేస్తానన్నాడు. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ఆమెను రమ్మంటోంది. ఆమె వెళ్ళిపోతే గదికి తాళమే. అందుకని దోహాలో ఒక ధార్మిక సంస్థకు దరఖాస్తు పెట్టాం. మొదటి వడపోతలో నిలిచాం. నేను ఎలాగూ దోహా వస్తున్నానని తెలిసి, ఒకసారి వచ్చి మాట్లాడమని అక్కడి అధికారిణి కబురు పెట్టింది. విదేశీ విరాళాలు తీసుకునేందుకు మన ప్రభుత్వ అనుమతి మాకు ముందే ఉంది. అది లేనివాళ్ళు టిక్కెట్టు కొనే తొందర పడకండి.

అక్కడ ఆదివారం పనిదినం. అల్ అజీజియాలో మా అమ్మాయి ఇంటి నుంచి ఎనిమిదింటికి టాక్సీ ఎక్కాను. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని ఆ ఆఫీసుకు మామూలుగా ఇరవై రియాళ్ళు అవుతుందట. ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్వి పోసి ఉండడంతో ముప్పైకి చేరింది. డ్రైవరు గంగాధర్‌ది కోరుట్ల. నా తెలుగు వినగానే అద్దంలోంచి పలకరించాడు.

"ఈ తొవ్వ నిన్న ఇట్ల లేకుండె అమ్మా. పొద్దుకో దిక్కు మలుపుతున్నరు. గంట ముందుగాల ఎల్లాలె."

సిగ్నల్ దగ్గర నా ఒళ్ళో ఉన్న ఆల్బమ్ వైపు చూశాడు. "ఎవరి పెండ్లి?"

"పెళ్ళి కాదు నాయనా, మా సంస్థ చేసే సేవ."

"మరి అందరి మీద శాలువలున్నయి గద."

నేను కిటికీలోంచి క్రేన్లు చూడడం మొదలుపెట్టాను.

అధికారిణి షీబా మలయాళీ, మా అమ్మాయి వయసు. ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. ఆల్బమ్ ఓపిగ్గా తిప్పి, "వీరిలో నడుం నొప్పి ఎవరికి?" అంది.

"ఈయన అధ్యక్షులు. ఈయన పూర్వాధ్యక్షులు."

"పాపం, ఇద్దరికీనా?"

నా తరహా మనిషి అని అర్థమైంది. తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. మేము అడిగింది ఒక హాలు. గదిలో జరిగే పని నచ్చి వడపోతలో నిలిపారట గానీ, వాళ్ళు భవనాలకు ఇవ్వరు. ఆ ముక్క నిబంధనల రెండో పేజీలోనే ఉంది. మేమంతా మొదటి పేజీ దగ్గరే సంతోషపడి ఆగిపోయాం.

"జీతానికి ఇస్తారా?" అన్నాను.

"ఒక ఏడాదికి ఇస్తాం. మీరు అడగలేదు. అడగాలనుకుంటే గురువారంలోపు మార్చి పంపండి."

ఎందుకు అడగలేదో ఆమెకు చెప్పడం కష్టమైంది. మన దగ్గర ఫ్యాను ఇచ్చినవాడి పేరు రెక్కల మీద ఉంటుంది, అది తిరుగుతున్నప్పుడు ఎవరికీ కనపడకపోయినా సరే. బెంచీ ఇస్తే వీపు మీద, గది ఇస్తే గుమ్మం మీద. జీతం ఇస్తే పేరెక్కడ రాస్తారు? అందుకే ముందు హాలు కట్టి, ప్రారంభోత్సవంలో వచ్చే విరాళాలతో స్వరూపను నిలుపుకుందామని మా పథకం. హాలుకు మా ఆయన పేరు పెట్టాలనుకున్నాం. ఆయన పోయి మూడేళ్ళు. నల్ల గ్రానైటు మీద ఆ పేరు చూసుకోవాలని నాకూ ఉంది.

మధ్యాహ్నం గంగాధరే వచ్చి నజ్మాలోని ఒక మెస్సుకు తీసుకెళ్ళాడు. పది పన్నెండు రియాళ్ళకు అన్నం, పప్పు, చేపల పులుసు కడుపునిండా పెడతారు. అతను కూర్చునేటప్పుడు ముందు బల్ల పట్టుకుని, తర్వాత మెల్లగా నడుము దించాడు. మా గది సంగతి చెప్పాను.

"పన్నెండు గంటలు అదే సీట్ల కూసుంటనమ్మా. వచ్చే ఏడు కంపెనీకి సలాం కొట్టి ఇంటికొస్త. అప్పటికి ఆ మేడం ఉంటదా?"

"పెద్ద హాలు కట్టాలని చూస్తున్నాం."

"హాలు మంచిదే. మేడం ఉంటదా?"

చేయి కడుక్కుని మా మరిది శేషగిరికి ఫోన్ చేశాను. ఆల్బమ్‌లోని అధ్యక్షులు ఆయనే.

"హాలు వద్దు, జీతం అడుగుదాం," అన్నాను.

"హాలు లేకుంటే అన్న పేరు ఏడ పెడ్తం వదినా?"

"నీ మనవడికి పెట్టావుగా, చాలు."

"రాయి చెక్కుడు గూడ అయిపోయింది," అన్నాడు.

"అయితే జాగ్రత్తగా దింపించు. ఎవరి నడుమూ పట్టెయ్యకుండా."

సోమ, మంగళవారాలు కూర్చుని దరఖాస్తు తిరగరాశాను. గదికి ఎవరు వస్తారో, ఎలా నడిచి వస్తారో, ఎలా నడిచి వెళ్తారో రాశాను. అతిథుల పేర్లన్నీ కొట్టేస్తే సగం పేజీలు వాటంతటవే తగ్గాయి. స్వరూప ఒక రోగిని అడిగి, అతని ముఖం కనపడకుండా ఫోటో తీసి పంపింది. మా సంస్థ చరిత్రలో శాలువా లేని మొదటి ఫోటో అదే. బుధవారం పంపించేశాం.

నేను ఇంటికొచ్చిన రెండు నెలలకు జవాబు వచ్చింది. ఒక ఏడాది జీతం. స్వరూప కరీంనగర్ వాళ్ళకు రానని చెప్పేసింది. ఏడాది తర్వాత మళ్ళీ ఎవరి గుమ్మం ఎక్కాలో తెలియదు గానీ, గంగాధర్ వచ్చేసరికి గది తెరిచే ఉంటుంది. మొన్న చూడడానికి వెళ్తే గది బయట నల్ల గ్రానైటు పలక, రెండు ఇటుక దిమ్మల మీద, అక్షరాలు కిందికి పెట్టి ఉంది. వంతు కోసం వచ్చినవాళ్ళు దాని మీద కూర్చున్నారు. "తప్పా అమ్మా?" అని స్వరూప నా ముఖం చూసింది. బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చినవాళ్ళకు కుర్చీ వెయ్యండని మా ఆయనకు నేనే గుర్తు చేయాల్సి వచ్చేది. ఇప్పుడు చెప్పకుండానే వేస్తున్నారు. నేనూ కాసేపు కూర్చున్నాను. చల్లగా ఉంది.

గ్రాంటు కోసం బయల్దేరేవాళ్ళకు ఒక్క మాట: ఇచ్చేవాళ్ళు ఏం ఇవ్వరో ముందు చదవండి. రాతి పని ఆ తర్వాత పురమాయించండి.